మైకు పట్టినవాడు

సంగడిగుంట మలుపులో జానీబాషా సెలూను.
ఆదివారం ఎండ అద్దంలో పడకుండా
గోనెపట్టా సగం దించి ఉంది.
టీవీలో అమెరికా కుస్తీ.
డెల్రాయ్ స్టోన్ అనే నల్ల వస్తాదు
తాళ్ళ మీంచి ఎగరబోయి
బోర్లా పడ్డాడు.

"కండ తప్ప ఏముందిరా వీడికి?
పట్టు రాదు, పాడు రాదు. దున్నపోతు."
గడ్డం నిండా నురగతో పేరయ్య.

బెంచీ మీద ప్రభుదాసు పేపరు మడిచాడు.
"పోయిన వారం తెల్లాయన పడ్డప్పుడు
పాపం కాలు జారిందన్నావు బాబాయ్."

"బాగోలేనిదాన్ని బాగోలేదంటే రంగు గొడవేనా?
మా ఇంటి మొత్తానికి నేనే నలుపు!"

అందరం నవ్వాం.
జానీబాషా కత్తి గాల్లోనే ఆపాడు.
"పట్టు బాగోలేదు, నిజమే. అనాల్సిందే.
మధ్యలో దున్నపోతెందుకొచ్చింది?"

నా నవ్వు అక్కడ తెగింది.

ముప్పై ఏళ్ళు మైకు పట్టాను నేను.
లాలాపేట తాలింఖానా పోటీలకీ
చుట్టుపక్కల తిరునాళ్ళ బరులకీ
మిరియాలు నమిలి గొంతు అరువిచ్చాను.

మిర్చియార్డులో టిక్కీలు మోసే ఏసోబు
మట్టి నుదుటికి రాసుకుని దిగితే
"అదిగో నల్లకొండ! అడవి ఏనుగు!" అనేవాణ్ణి.
ఈలలు.
పొగుడుతున్నాననే అనుకున్నాను, ఒట్టు.

అవతలి నుంచి పచ్చటి ఒంటి శేషగిరి దిగితే
"ఎత్తుకి పైఎత్తండీ! బుర్రతో ఆడతాడు!
గురువు దగ్గర కూర్చుని నేర్చిన విద్య!"

ఇద్దరికీ గురువు మస్తాన్ ఖలీఫానే.
అదే మట్టి, అదే నాలుగింటి చలి,
అవే నానబెట్టిన శనగలు.

ఒకసారి పోటీకి ముందు ఏసోబు వచ్చాడు.
చొక్కాలోంచి మిరప ఘాటు, నాకు తుమ్ము.
"అన్నా, ధోబీపాట్ ఆర్నెల్లు సాధన చేశా.
ఇయ్యాల ఏస్తా. మైకులో దాని పేరు చెప్పవా?"
సరేనన్నాను.

వేశాడు.
శేషగిరి వీపు మట్టికి తగిలిన చప్పుడు
ఇంకా చెవిలో ఉంది.
నా నోట్లోంచి ఏనుగే వచ్చింది.

చెప్పకూడదని కాదు.
కాలు జారినట్టు నోరు జారిందనీ అనలేను.
రోజూ నడిచే దారిలోనే నడిచింది.

ఏసోబు ఏమీ అనలేదు. తువ్వాలుతో
మెడ తుడుచుకుంటూ నా ముందు నుంచే పోయాడు.
ఇప్పుడు ఏటుకూరు రోడ్డులో
కూతురింట్లో ఉంటున్నాడట. నేను వెళ్ళలేదు.

"మైకు మామా, తీర్పు నువ్వు చెప్పు" అంటున్నారు.

టీవీలో డెల్రాయ్ లేచాడు.
ఎదుటివాడి చెయ్యి భుజమ్మీదికి లాగి
నడుము వంచి విసిరాడు.

"ధోబీపాట్" అన్నాను.
సెలూనుకి సరిపోయేంత గొంతుతో.

పేరయ్య నురగలోంచి ముందుకు వంగాడు.
"ఏం ధోబీపాట్! మోకాలు చూడు,
ఇంకా లోపలికి దింపాలి. సగమే దింపాడు."

"అదీ, అట్టా తిట్టు" అని
జానీబాషా
అతని తల వెనక్కి వంచి
గొంతు మీద కత్తి పెట్టాడు.