శుక్రవారం వస్తాదంట

శుక్రవారం వస్తాదంట కొత్త సింథ్.
అల ఆకారాన్ని వేలితో గీస్తే
గీసిందే మోగుతాదంట.

ఆదోని పత్తి యార్డులో తూకం చీటీలు రాస్తా నేను.
నాలుగు రోజులుగా చీటీల వెనకాల అలలు గీస్తాండా.
ఒకటి ఎల్లెల్సీ కాలువ మాదిరి వచ్చింది,
ఒకటి మా సేటు కోపం మాదిరి.

దస్తగిరి ధర అడిగినాడు.
చెప్తే, తేమ కోత పోనూ రెండు క్వింటాళ్ళ పత్తి అన్నాడు.
ఊరేగింపులకు బాక్సులు కట్టేవాడు, వానికి ఒకటే లెక్క:
"కిటికీ అద్దాలు అదురుతాయా, లేదా?"

బ్యాండు మద్దిలేటి క్లారినెట్ తుడుచుకుంటా
"దానికి దప్పి అయితాదా?" అన్నాడు.
కాదన్నా.
"ఇంగేం వాయిస్తాది" అని లేచి పోయినాడు.

నాకూ అనుమానమే.
పాతదాంట్లోనే సగం గుండీలు తిప్పి చూడలేదు.
బ్యాటరీ ఎప్పుడో చచ్చిన నా ల్యాప్‌టాప్
మూడు ట్రాకులకే ఎండలో కుక్క మాదిరి రొప్పుతాంది.

అయినా ఒక శబ్దం ఉంది.
రాత్రి జిన్నింగ్ మిల్లు ఆపేటప్పుడు
మోటారు తగ్గి, తగ్గి,
ఇంక ఆగిపోయిందిలే అనుకున్నాక
రేకుల షెడ్డు ఒక్కసారి మూలుగుతాది చూడు,
అది.
మూడేండ్లుగా దానికోసమే గుండీలు తిప్పుతాండా.
ఒకసారి బాగా దగ్గరికొచ్చింది.
సేవ్ చేసేలోపల కరెంటు పోయింది.

ఈ పొద్దు గురువారం.
యార్డు మూసినారు.
కాటా పక్కన కూచోని
ఆఖరి చీటీ మీద గీత లాగినా.
చివరన కొంచెం వణికింది,
పెన్నులో సిరా అయిపోయిందో
మిల్లు ఆపినారో.