రెండు తీగల మాట

డులూత్‌లో ఆ రాత్రి చలి సున్నాకి ఇరవై రెండు కింద.
వార్డులో షిఫ్టు దిగి వచ్చి
నా ఇంటి ముందే, నా కారులోనే
ఇరవై నిమిషాలు కూర్చున్నాను.
ఫోనులో ఒక గుండ్రం తిరుగుతూ ఉంది.
సర్వర్ అందుబాటులో లేదు, కాసేపాగి ప్రయత్నించండి.

కాసేపంటే ఎంతసేపు?
సరస్సు మీంచి వచ్చే గాలికి ఆ లెక్క తెలియదు.
గోడ మీది అంకెల పెట్టెలో బ్యాటరీ చలికి చచ్చింది.
రిమోటు ఏ సొరుగులో ఉందో
అది పెట్టిన వంశీధర్‌కే గుర్తు లేదు.

గరాజు తలుపు పది అడుగుల దూరంలో ఉంది.
నా మాట మాత్రం
ఎక్కడో ఎడారిలో చల్లబెట్టిన గది దాకా పోవాలి,
అక్కడ ఔనంటే
వెనక్కొచ్చి నా తలుపు తీయాలి.
మబ్బులో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకోకే అని
మేనత్త సూరాంబ ఊరికే అనేది.
ఆ మబ్బు ఇదేనని ఆవిడకెలా తెలిసిందో!

చివరికి మోకాలి లోతు మంచులో
ముందు గుమ్మం దాకా ఈదుకుంటూ పోయాను.

ఆదివారం పక్కింటి వెండెల్ నిచ్చెన తెచ్చాడు.
ఇనుప ఖనిజం రేవులో నలభై ఏళ్ళు కరెంటు పని చేసిన మనిషి,
మాటలు కూడా మరలు లెక్కపెట్టినట్టే వాడతాడు.
మోటారు డొక్క విప్పి
ఎర్ర తీగ ఒకటి, తెల్ల తీగ ఒకటి చూపించాడు.
పేపరు క్లిప్పుతో రెండు కొసలూ కలిపాడు.
తలుపు లేచింది.

అంతే.
ఇన్నాళ్ళూ ఇంతే.
"పాతది కాబట్టి బతికిపోయావు" అన్నాడు దిగుతూ,
"కొత్తవాటికి ఈ మాట కూడా మరిపించారు."

అగ్గిపెట్టెంత బోర్డు, ఒక రిలే,
తలుపు అంచుకి ఒక అయస్కాంతం.
టంకం పొగలో గుగ్గిలం వాసన,
చూపుడు వేలి మీద బొబ్బ.
మొదటి రోజు అది మూసి ఉండి తెరిచానంది,
తెరిచి ఉండి మూశానంది.
ఒక్క మాట తిరగరాస్తే దారికొచ్చింది.
అప్పుడు గోడలోంచి ఇంటర్నెట్ తీగ పీకేసి
మీట నొక్కాను.
లేచింది!
ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషిని, ఒక్కదాన్నే
సిమెంటు నేల మీద నిలబడి చప్పట్లు కొట్టాను.

ఇక కంపెనీ ఖాతా మూసేయాలి.
మూసే ముందు అది నా చరిత్ర విప్పి చూపించింది.
మార్చి నెల.
మూడు గంటల పన్నెండు నిమిషాలకి, తెరిచెను.
మూడు గంటల యాభైకి, మూసెను.
అలా పదకొండు రాత్రులు.

నేనెక్కడికీ పోలేదు ఆ రాత్రుల్లో.
తలుపు తీసి, కారు నడపకుండా కారులో కూర్చుని
వీధి దీపం కింద మంచు రాలడం చూసేదాన్ని.
నా చేతుల్లో ఒక పసివాడి ఊపిరి ఆగిన నెల అది.
వంశీధర్‌కి తెలియదు, నిద్ర గట్టిది.
వెండెల్‌కి తెలిసే ఉంటుంది, ఆయన కిటికీ ఇటే,
ఏనాడూ అడగలేదు.
కంపెనీకి మాత్రం నిమిషాలతో సహా తెలుసు,
ఎందుకో తప్ప.

ఇప్పుడు లెక్కలన్నీ మెట్ల కింది పెట్టెలోనే.
రోజులెన్ని గుర్తుంచుకోమంటావని అదీ అడిగింది.
ముప్ఫై, తొంభై, ఎప్పటికీ.
చాలాసేపు ఆలోచించి సున్నా కొట్టాను.

నిన్న రాత్రి మూడింటికి మళ్ళీ నిద్ర పట్టలేదు.
ఎరుపూ తెలుపూ అరక్షణం ముట్టుకుని విడిపోయాయి.
తలుపు మూలుగుతూ లేచింది.
ఎక్కడా ఎవరూ రాసుకోలేదు.
పక్కింటి వంటగదిలో దీపం వెలిగింది,
నేను లోపలికి వచ్చేదాకా
అలాగే ఉంది.