ఐదు మార్కుల ప్రశ్న

మందల్ని రాతి దొడ్లలోకి తోలేశాక వస్తారు నా పిల్లలు.
కాళ్లకు రబ్బరు బూట్లు, మెడ కింద పిన్నుతో బిగించిన దుప్పటి.
కర్రలన్నీ గుమ్మం బయట దొంతరగా పడేసి
వాటికి కుక్కల్ని కాపలా పెడతారు.
ఒక కొవ్వొత్తికి నలుగురు. ఒక పెన్సిలుకి ఇద్దరు.
సెమొంకాంగ్‌కి పైన, ఒకప్పటి ఉన్ని గోదాము, అదే మా బడి.
గోడలకింకా గొర్రె వాసన పోలేదు.
పోతే వీళ్లకి పాఠం ఎక్కదేమో.

నవంబరులో పరీక్ష.
"కింది వాక్యంలోని అలంకారమును గుర్తించి వివరింపుము."
ఐదు మార్కులు.

ముందు ఉపమ చెప్పాను.
దేన్ని పోలుస్తామో అది ఈ గట్టు,
దేనితో పోలుస్తామో అది ఆ గట్టు,
నడుమ "లాగా" అని ఒక చిన్న వంతెన.
మొహాపి చెయ్యెత్తాడు:
"మా యజమాని మాట జూలై ఎండలాగా, టీచర్.
వెలుగే గాని వెచ్చన లేదు."
గది నవ్వింది.
గది నవ్వుతుందా, నవ్వింది మీరు కదా,
మరి దీన్నేమంటారు, అని అడిగితే
లక్షణ అని ఒక్కడూ అనలేదు. ఇంకా నవ్వారు.

వంతెన తీసేస్తే రూపకం.
"వాన మా అమ్మ" అన్నాడు లెఖూలా.
"అంటే ఏడాదికి రెండుసార్లు వస్తుందా?" అన్నాడు వెనకవాడు.
దుప్పట్లు జారాయి, కొవ్వొత్తి దొర్లింది, కుక్కలు లోపలికొచ్చాయి.
"వాన అమ్మ లాంటిది" అని మళ్లీ వంతెన వేసి
ఇద్దర్నీ చెరో గట్టుకు చేర్చాను.

అతిశయోక్తికి ఉదాహరణ అడగనే లేదు.
తప్పిపోయిన మేకను వెతికిన ప్రతివాడూ
తొమ్మిది కొండలు దాటొచ్చినవాడే.

ఒకదాన్ని చూసి ఇంకొకటనుకోవడం భ్రాంతిమంతం.
మన ఊరి పేరే చూడండి, పొగ ఉన్న చోటు.
అది పొగ కాదు, జలపాతం తుంపర.
మొదట వచ్చినవాడెవడో దూరాన్నుంచి చూసి
అక్కడ ఎవరో వండుతున్నారు అనుకుని ఉంటాడు.
"ఆకలి కూడా అలంకారమేనా టీచర్?"
పుస్తకంలో లేదన్నాను.

సెఖోబె ఎప్పుడూ చెయ్యెత్తడు.
పంతొమ్మిదేళ్లవాడు, అందరికన్నా పెద్ద,
గోడవారన కూర్చుని తన నీడలోనే రాసుకుంటాడు.
గురువారం పరీక్ష పెట్టాను:
మీ సొంత వాక్యం ఒకటి, కింద దాని అలంకారం పేరు.
వాడు రాశాడు,
"అన్న గనిలో ఉన్నాడు."
కింద గీత ఖాళీ.

మూడుసార్లు చదివాను.
సరిహద్దు అవతల మూసేసిన బంగారు గని.
ఏ జీతం పట్టీలోనూ పేరు లేకుండా రాత్రివేళ దిగినవాళ్లు.
రెండు చలికాలాలైంది.
ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ గట్టిగా అనరు.

శ్లేష అనొచ్చు, "ఉన్నాడు"లో రెండు అర్థాలున్నాయి గనక.
ధ్వని అనొచ్చు, గంట ఆగాక చెవిలో మిగిలేది.
ఏ పేరు రాసినా ఐదు మార్కులూ వస్తాయి.
ఎర్ర పెన్ను మూత తీసి, పెట్టి, తీసి,
వాణ్ణే పిలిచి అడిగాను. ఇందులో ఏ అలంకారం ఉందిరా?

"ఏమీ లేదు టీచర్. ఉన్నదే రాశాను."

ఉన్నది ఉన్నట్టు చెప్పడానికీ ఒక పేరుంది, అన్నాను.
స్వభావోక్తి.
అసలది అలంకారమేనా అని
పెద్దపెద్దవాళ్లు పోట్లాడుకున్నారు కూడా.
వాడికి పోట్లాట అక్కర్లేదు.
ఒక్కో అక్షరం చెప్పించుకుని
నాలుక బయటపెట్టి, ఖాళీ గీత మీద దించాడు.
"వ"కీ "మ"కీ తేడా రాలేదు, దిద్దలేదు నేను.

కాగితం అందుకోబోయాను. వదల్లేదు.
బొటనవేలు ఆ చివరి మాట మీద ఉంది.

"'ఉండేవాడు' అని మార్చాలా టీచర్?"

బయట ఒక కుక్క లేచి, ఒళ్లు దులుపుకుని, మళ్లీ పడుకుంది.

వ్యాకరణం వచ్చే వారం, అన్నాను.