మడమ తిప్పడం

వేట నిషేధం మొదలైన మూడోరోజు
నాలుగు సైకిల్ చక్రం పుల్లలు
గచ్చు మీద అరగదీసి మొనలు తేల్చాను.
హార్బర్‌లో పడవలన్నీ
ఒకదాని భుజం మీద ఒకటి ఆనుకుని కునుకుతున్నాయి.
చేతులకి పని లేదు.

ఊలు కొనలేదు.
చలికాలం టిబెట్టోళ్ళ దగ్గర బేరమాడి తెచ్చిన నీలం స్వెట్టరు
చంకల్లో చిరిగిపోయింది.
మా తమ్ముడి కూతురిది ఆవపువ్వు పసుపు, పొట్టిదైపోయింది.
రెండూ విప్పాను.
విప్పిన దారానికి వంకరలు పోలేదు.
తడిపి, రాయి కట్టి, దండెం మీద వేలాడదీసినా
పాత ఒళ్ళు దానికి గుర్తే.

నేర్పింది వాల్తేరు రైల్వే క్వార్టర్ల ఎస్తేరు టీచరమ్మ,
శుక్రవారం శుక్రవారం నా దగ్గర వంజరం కొనే మనిషి.
"వల అల్లే చెయ్యి, నీకు చెప్పేదేముంది" అంటూనే
మూడుసార్లు వేళ్ళ మీద స్కేలుతో కొట్టింది.

వలకి ముడి ఉంటుంది.
ఒక కన్ను తెగితే పక్క కన్ను పట్టుకుని ఆగుతుంది.
దీనికి ముడి లేదు.
ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు దూరి
ఒకదాని నమ్మకం మీద ఒకటి నిలబడుతుంది.
ఒక్కటి జారిందా,
మోకాలి నుంచి మొదలంటా నిచ్చెన దిగిపోతుంది.
ముప్పై ఏళ్ళు ముడులేసిన చేతికి
ముడి వెయ్యకుండా ఉండడం
పది రోజులకి గాని రాలేదు.

మే నెల ఉక్క.
చెమట అరచేతులకి ఊలు బొచ్చు అంటుకుంటోంది.
గోడ మీద పేకాట ఆగింది.
"ఏటి మసేనూ, కాశ్మీరం ఎల్తన్నావేటి?"

నవ్వనీ.
వాళ్ళెవరూ రొయ్యల ఫ్యాక్టరీ లోపలికి వెళ్ళలేదు.
నేనూ వెళ్ళలేదు.
ఒకసారి గేటు దగ్గర నిలబడ్డాను.
మధ్యాహ్నం రెండింటి ఎండలోకి
మా నూకరత్నం నీలం పెదాలతో బయటికొచ్చింది.
ఐసు నీళ్ళలో ఎనిమిది గంటలు, తలలు తీస్తూ.
ఊరంతా ఉడుకుతుంటే
వీళ్ళ కాళ్ళకి మాత్రం మాఘమాసం.
గమ్ బూటు చలిని ఆపదు, దాచిపెడుతుంది.
రాత్రి పాదాలు నా పిక్కలకి ఆనించేది,
నేను ఉలిక్కిపడేవాణ్ణి,
తీసేసుకునేది.

నీలం ఆరు వరసలు, పసుపు నాలుగు.
పొడుగ్గా ఉండాలి, మోకాలు దాటాలి.
అడిగితే వద్దంటుందని
నిద్రలో ఉండగా నైలాన్ తాడుతో పిక్క కొలిచాను.
కొలత దగ్గర ముడేశాను. అక్కడ మాత్రం ముడి.

తర్వాత మడమ.
మాట తప్పను, మడమ తిప్పను అని
మైకుల్లో అరుస్తారు గాని
మడమ తిప్పకపోతే అది మేజోడు కాదు,
ఒట్టి గొట్టం.
సగం కుట్లు పక్కన ఆపి
మిగతా సగం మీదే వెళ్ళి, వెనక్కొచ్చి, వెళ్ళి,
ప్రతిసారీ ఒకటి తక్కువగా.
మూడుసార్లు విప్పాను.
నాలుగోసారి, డాల్ఫిన్ నోస్ వెనక మబ్బు పట్టిన సాయంత్రం,
చేతిలో చిన్న గిన్నెలా తిరిగింది.
ఎవరికైనా చూపించాలనిపించింది.
కుక్క ఒక్కటే ఉంది. చూపించాను.

రెండోదానికి పసుపు చాల్లేదు.
చీలమండ కింద అంతా నీలమే.

అరవై ఒకటో రోజు, పడవలోకి ఐసూ డీజిలూ ఎక్కించి వచ్చి
కంచం పక్కన పెట్టాను.
లోపల చెయ్యి పెట్టి, తిప్పి తిప్పి చూసింది.
"సీకట్లో అల్లినావేటి? రొండూ రొండు రకాలు."
"బూటులో ఎవులు సూత్తారు?"
"నాకు తెలస్తాది గదా."
అన్నం చల్లారిపోతోంది.

సముద్రం మీద పదకొండు రోజులు.
తిరిగొచ్చిన రాత్రి
ఆమె పాదాలు వెచ్చగా ఉన్నాయని అబద్ధం చెప్పను.
చల్లగానే ఉన్నాయి, కాస్త తక్కువ.
పిక్క మీద మాత్రం అల్లిక అచ్చు పడింది.
వేలితో తడిమి లెక్కపెట్టాను,
పదిహేడో వరసలో ఒక కుట్టు తిరగబడి ఉంది.
అల్లేటప్పుడు చూసుకోలేదు.

"ఏటి ఎతుకుతున్నావు?"
"ఏం లేదు."

కాలు తీసుకోలేదు.