నిలువుకాళ్ళ కొలువు

పర్లాకిమిడి కోర్టు ఎదురుగుండా
ఇరవయ్యారేళ్ళు నిలబడ్డాను నాను.
నల్లకోట్లు, కాకీ చొక్కాలు, బడిగుంటల గౌన్లు.
కూకోని ఎవుడైనా ఇస్త్రీ సేస్తాడేటి?
బరువంతా సేతిలోదే అనుకున్నాను.
కాదట. కాల్లోదట.

ఎడంకాలు, సీలమండకి లోపల్దిక్కు,
ముందు నల్లబడ్డాది, పెనం అడుగునాగ.
తరవాత దురద.
తరవాత ఓ దోమకాటు, ఓ గోకుడు.
అంతే, పదకొండేళ్ళు.

యేపాకు నీల్లు పోసినాను. పసుపద్దినాను.
గుమస్తా సెప్పినాడని బేటరీ మసి కూడా అద్దినాను,
ఆ దేవుడు మన్నించాల.
సుగరేమో అనీసి మూడుసార్లు యేలు పొడిసినారు.
సుగర్నేదు.
కునుకు తీసినట్టు మూసుకుంటాది,
మల్లీ కన్ను తెరుస్తాది.

వాసన గురించి సెప్పాల.
నిప్పులు, గంజి, తడిగుడ్డ, ఈటి వాసనే నాకు అన్నం.
దాని అడుగున ఇంకోటి మొదలైనాది.
బల్ల కింద ఊదొత్తి యెలిగించీదాన్ని.
"దాలమ్మా, పూజేటి?" అనీవోడు కానిస్టేబుల్ బెహరా.
ఔనయ్యా, పూజే.
కోటు ఇచ్చీటప్పుడు సెయ్యి ముందుకి సాపి
కాలు యెనక్కి దాసీదాన్ని.

నౌపడ కాడ రైలు మారి, బరంపురం.
డాక్టరమ్మ ఒడియా మనిషి.
నా ఒడియా ఎంతో ఆయమ్మ తెలుగూ అంతే.
జెల్లీ రాసి, పెన్నులాంటిది కాలికి ఆనిస్తే
డబ్బాలోంచి నా రగతం మాటాడినాది.
పిక్క నొక్కితే, హుస్స్, ఎక్కినాది.
ఒగ్గీస్తే
అంతకన్నా పెద్దగా
జారిపోనాది.
"యిన్నావా మాఉసీ? సిరలో తలుపులు పాడయినాయి.
ఎక్కిన నెత్తురు దిగొచ్చి కాల్లోనే కూకుంటాది."

పదకొండేళ్ళు గచ్చు తుడిసినాను నాను.
కారినది కప్పు.

నడుంలో సూది.
నడుం కింద నాను నేను కాసేపు.
గజ్జల్లో కోసి, సిరకి ముడేసి,
సెడిపోయిన పోగునాగ లాగీసినారంట.
తొడమీద తోలు ఉల్లిపొరంత పల్సగా గీసి
పుండుకి మాసికేసినారు.
మాసికలు నాకు తెల్సు,
మంచి పనే.

నర్సుపిల్ల రోజూ ఒకటే పాఠం.
"ఠియా హెబ నాహిఁ."
నడు. నేదంటే పడుకో, గుండెకన్నా ఎత్తున కాలెట్టి.
నిలబడకు.
అమ్మా, మా నోట నిలబడ్డమంటే బతకడమే.
మొగుడు పోయినా దాలమ్మ నిలబడ్డాది,
ఈదంతా అన్నారు.
ఆ పొగడ్తే కాలికి దిగినట్టున్నాది.

ఇప్పుడు పొట్టిబల్ల, కింద పీట.
కాలర్లు సరిగ్గా రావు.
లాయర్లకి తెలీదు, నాకు తెల్సు.
బిగువు మేజోడు ఒక్కదాని ధరకి
ఎన్ని కోట్లు తొయ్యాలో లెక్కేసి, మానీసినాను.
అరగంటకోసారి కోర్టు గేటుదాకా నడిసొస్తాను.
"ఎవురిమీద కేసు?" అంటాడు బెహరా.
సెప్పను.
ఊదొత్తి కట్ట ఇంకా బల్ల కిందే ఉన్నాది.
మల్లీ రాదని డాక్టరమ్మ ఒట్టెయ్యనేదు మరి.

సందేల మేజోడు ఇప్పి మెట్టుమీద కాలు సాపుతాను.
సదరంగా, నున్నగా, కాస్త తెల్లగా
నా తొడ తోలు.
ఎండ మొగం ఎరగనిది,
మా లోకనాథం కూడా దీపమార్పీసి గాని ముట్టనిది,
నడిఈదిలో సీలమండ మీద కూకోని
వొచ్చీపోయీవోల్లని సూస్తన్నాది.

సిగ్గుపడతాదేమో అనుకున్నాను.
నేదు.