పైవాసన పోయాక

కమర్షియల్ స్ట్రీట్‌లో వాన వెలిసీ వెలవని మూడున్నరకి
గొడుగు దులిపి అద్దాల కొట్లోకి వెళ్లాను.
కౌంటర్ వెనక పిల్ల పేరు రోహిత.
నా కన్నడం రెండో ముక్కకే తడబడితే
"మాది ముళబాగిలక్కా, తెలుగులోనే చెప్పండి" అంది.

ఎడమ మణికట్టు మీద ఒక్క చుక్క, నేలసంపెంగ.
ఇక్కడివాళ్లు సుగంధరాజ అంటారు,
పెళ్లిపందిరికీ పాడెకీ అదే మూర, అదే ధర.
కుడి మణికట్టు మీద సన్నజాజి.
మూత తీయగానే సగం పారిపోయి
మిగతా సగం గుమ్మం పట్టుకుని నిలబడే రకం.

"రుద్దకండక్కా, పువ్వు నలుగుతుంది."
సీసాలో పువ్వు లేదని ఇద్దరికీ తెలుసు.
అయినా రుద్దలేదు.

బ్లడ్ బ్యాంకులో పనికి చేరి పదహారు నెలలు,
నా చేతులది స్పిరిటు వాసన.
డ్యూటీలో సెంటు పనికిరాదు,
ఎవరి ఊపిరికి ఏది పడదో అని గోడ మీద కాగితం.
అంటే నేను కొనేది గురువారాలకే.
నెలకి నాలుగు, ఎప్పుడైనా ఐదు.
మూడు వేల రెండు వందల్ని
గురువారాలతో భాగిస్తూ నిలబడ్డాను.

"అరగంట తిరిగి రండి.
పైవాసన పోయాకే అసలుది బయటపడుతుంది."

అరగంట కాస్తా చీకటి పడేదాకా సాగింది.
మెట్రోలో కడ్డీ ఏ చేత్తో పట్టుకోవాలో తేలక
ట్రినిటీ, హలసూరు, ఇందిరానగరం,
స్టేషనుకోసారి చెయ్యి మార్చాను.
ఎడమది ఎత్తితే ఒక పెద్దావిడ తల తిప్పి చూసింది.
కుడిది ఎత్తితే ఎవరూ చూడలేదు,
తల్లి భుజం మీది పసివాడొకడు
ముక్కు ఎగబీల్చి, మళ్లీ నిద్రపోయాడు.

పీజీ గదిలో ముగ్గురం, కిటికీ ఒకటి.
దొంగసొత్తు చూపించినట్టు రెండు చేతులూ చాచాను.
ఎడమది చూసి హిమజ నవ్వింది:
"ఇది పూసుకుంటే పట్టుచీర కూడా కొనాలే!"
కుడిది పట్టుకున్న షాహీన్
చెయ్యి వదలడం మరిచిపోయింది.
చాలాసేపటికి "మా ఖాలా దిండు" అంది.
ఇంకేమీ చెప్పలేదు. లైటు ఆర్పేసింది.

నేను చేతులు రెండూ దవడ కింద పెట్టుకుని పడుకుంటాను.
తెల్లారేసరికి ఏది ఏదో
చేతులకే తెలియలేదు.

ఆరింటికి డ్యూటీ. మోచేతి దాకా సబ్బు, పైన స్పిరిటు.
మొదటివాడు కె.ఆర్. పురం కుర్రాడు,
మొదటిసారి రక్తం ఇస్తున్నాడు,
పిడికిలి బిగించమంటే కళ్లు కూడా బిగించాడు.
"సిస్టర్, ఏదో పూల వాసన."
గోడ మీది కాగితం వైపు చూశాను.
"ఏం పువ్వో నువ్వే చెప్పు."
ఆలోచనలో పడ్డాడు.
ఆ సందులో సూది దించేశాను.

సంచి నిండేలోపు రెండు పేర్లు చెప్పాడు,
రెండూ తప్పే.
గురువారానికి ఇంకా ఆరు రోజులు.