కనబడనివాడికి తెలుగు మాట

కరపత్రం కోసం పదకొండు మాటలు పంపారు.
ఎడమవైపు జపాను మాట, కుడివైపు ఖాళీ.
"తార్నాకలో జపనీసు నేర్చుకున్నారట కదా,
గురువారంలోపు తెలుగు చేసి పెట్టండి."

నేను నేర్చుకున్నది గేర్‌బాక్సుల భాష.
ఏడేళ్ళుగా మాదాపూర్‌లో, అర్ధరాత్రులు,
బిగించుము, వదులు చేయుము, నూనె పోయుము.
నాటకం మాటలు నాకెవరూ చెప్పలేదు.

కాగితం పట్టుకుని బడీచౌడీ పోయాను.
డ్రెస్సులు అద్దెకిచ్చే దుకాణంలో
గదలన్నీ బకెట్లో గొడుగుల్లా నిలబడి ఉన్నాయి,
కిరీటాలకు ధరల చీటీలు.
బల్ల వెనక బుచ్చిలింగం,
ముప్పై నాలుగేళ్ళు తెర లాగిన మనిషి.
అరచేతుల్లో తాడు గీసిన అదనపు గీతలు.
"సదువు బిడ్డా," అన్నాడు.

హనమిచి. పూలబాట.
జనం మధ్యలోంచి వేదిక మీదికి నటుడు నడిచొచ్చే దారి.
"గా దారిల మేం గోలీసోడాలు అమ్మిచ్చినం."

ఒన్నగాత. ఆడవేషం కట్టే మగవాడు.
మాట్లాడకుండా గోడమీది ఫొటో చూపించాడు.
ముక్కుపుడక, వంచిన మెడ,
కింద చెదలు తినగా మిగిలిన పేరు: దామెర సత్తయ్య.
"పంచె కట్టుకున్నా సరే,
లేని కొంగు మూతికి అడ్డం పెట్టుకునే నవ్వుతుండె."

మియె. కోపం నెత్తికెక్కిన క్షణాన
కన్ను మెల్లవేసి, శిలలా బిగుసుకోవడం.
లేచి చేసి చూపించాడు.
స్కూలు ఫంక్షనుకి నెమలీక కొనడానికొచ్చిన తల్లి
బేరం మర్చిపోయి అడిగినంతా ఇచ్చేసింది.

నరకు. వేదిక కింది చీకటి.
నేను అర్థం చెప్పకముందే నవ్వాడు.
"గది మన నరకమే గదా, గంత దూరం ఎట్ల పోయింది?"
భిక్షువుల మూటల్లో పోయుంటుంది, అన్నాను.
సికింద్రాబాదు రైల్వే హాలు స్టేజీ కింద
తేలు కుట్టిన కథ చెప్పాడు, చాలాసేపు.

మ.
ఒక్క అక్షరం. రెండు చప్పుళ్ళ నడుమ వదిలిన జాగా.
ఈసారి తొందరగా జవాబు రాలేదు.
"ఆఖరి మాట పడ్డంక, చప్పట్లు లేవకముందు
ఒక్క ఊపిరి ఆగి తాడు లాగాలె.
ముందు లాగితే నాటకం సచ్చె,
ఎనకైతే నటుడు సచ్చె.
దానికి పేరుంటదని తెల్వదు నాకు."
ఎడం, అని రాసుకున్నాను.

కురొగొ. నల్లబట్టలు, మొహాన నల్లముసుగు.
నటుడి చేతికి కత్తి అందిస్తాడు, పీట సర్దుతాడు.
నలుపంటే అక్కడ ఎవరూ లేరని.
"ఎదురుంగనే ఉంటడా?"
ఉంటాడు.
"ఎవ్వలు సూడరా?"
చూడరు. అదొక ఒప్పందం.

ఒకసారి తెర సగంలో ఇరుక్కుంటే
చిరుగుబనీనుతో బయటికొచ్చి విడిపించాడట.
హాలంతా ఈలలు. కాంట్రాక్టరు పదిహేను రూపాయలు కోసుకున్నాడు.
"మేం దాసుకునేటోళ్ళం.
ఆడ జనమే కండ్లు దాసుకుంటరన్నట్టు."
అని ఒక కిరీటాన్ని, అవసరం లేకపోయినా, తుడిచాడు.

మిగతా మాటలకి నేనే ఏదో రాసేశాను.

శనివారం సాయంత్రం లక్డీకాపూల్ హాలుకి
ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు.
అందరూ రాకుమారిని చూస్తుంటే
ఆయన చూపు నల్లనీడ వెంటే తిరిగింది.
కుట్టు దారం లాగగానే తెల్లకిమోనో ఊడి
లోపలి ఎర్రకిమోనో బయటపడింది. హాలు మోగిపోయింది.
నా మోచేయి పొడిచాడు: "దారం, దారం సూడు.
ఎవ్వడు లాగిండో సూడు."
ఒప్పందం తప్పినవాడు ఆ హాలంతటిలో ఆయనొక్కడే.

తర్వాత వెనక గేటు దగ్గర
ముసుగెత్తి నీళ్ళు తాగుతున్నాడు ఒక కుర్రాడు,
పాతికేళ్ళు కూడా ఉండవు, చెవుల వెనక పొక్కులు.
బుచ్చిలింగం ఎదురుగా నిలబడి తేరిపార చూశాడు.
"అడుగు," అన్నాడు నాతో.
"జీతం యాళకిస్తరా?"

నాకొచ్చిన గేర్‌బాక్సుల జపనీసులోనే అడిగాను.
కుర్రాడు ఒకసారి గేటులోపలికి చూసి
అరచేతిని గాల్లో అటూ ఇటూ ఊపాడు.

"సమజైంది," అన్నాడు బుచ్చిలింగం.